మూడువేల ఊళ్ళ లెక్క

ఏప్రిల్ 20, 2025, ఆదివారం, అమలాపురం

మే 19కి సుందరయ్య గారు పోయి నలభై ఏళ్ళు నిండుతాయి. కొత్తపేటలో చిన్న సభ పెడుతున్నారట. "అరగంట మాట్లాడాలండి మేస్టారూ" అని ఇద్దరు కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి అడిగి వెళ్ళారు. ఒప్పుకున్నాను.

పుచ్చలపల్లి సుందరయ్య అనగానే అందరికీ నోటికొచ్చే సంగతులు నాలుగున్నాయి. సైకిలు మీద పార్లమెంటుకి వెళ్ళడం, పిల్లలు వద్దనుకోవడం, ఆస్తి పార్టీకి ఇచ్చెయ్యడం, పేరు చివర రెడ్డి తీసెయ్యడం. నాలుగూ నిజాలే, నాలుగూ గొప్పవే. కానీ అవే చెప్పి కూర్చుంటే ఆయన మంచివాడని చెప్పినట్టవుతుంది తప్ప ఆయన ఏం చేశాడో చెప్పినట్టు కాదు.

నాకు చెప్పాలనున్నది వేరు. తెలుగునాట కమ్యూనిస్టులు ఏనాడూ ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కలేదు. అయినా కొన్ని జిల్లాల్లో, కొన్నేళ్ళపాటు రాజ్యం చేశారు. ఆ రాజ్యాన్ని నడిపినవాళ్ళలో ఒకడై, తర్వాత కూర్చుని దాని జమాఖర్చులు రాసినవాడు సుందరయ్య. తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటం మీద 1972లో ఆయన పుస్తకం వచ్చింది. దాని పేరులోనే ‘గుణపాఠాలు’ అని పెట్టుకున్నాడు. తను నడిపిన యుద్ధానికి తనే గుణపాఠాలు రాసిన నాయకులు ఎంతమంది ఉంటారు? ఇవాళ మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

ఏప్రిల్ 22

1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టాడు. భూములున్న ఇల్లు. పదిహేడేళ్ళకి కాలేజీ మానేసి 1930 సత్యాగ్రహంలోకి దూకాడు. అరెస్టు చేసి రాజమండ్రిలో బోర్‌స్టల్ స్కూల్లో పెట్టారు. ఆ వయసు కుర్రాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో ఎస్.కె.బి.ఆర్. కాలేజీ గేటు దగ్గర గుంపులుగా నిలబడి ఉంటారు. వాళ్ళని చూసినప్పుడల్లా ఆ వయసు ఎంత చిన్నదో, ఎంత పెద్దదో రెండూ తెలుస్తాయి.

జైలు నుంచి వచ్చాక మద్రాసులో కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టయ్యాడు. తర్వాత చేసిన పని నాకు చాలా ఇష్టం. దేశాన్ని మార్చే మాట అలా ఉంచి సొంతూరు వెళ్ళి వ్యవసాయ కూలీలతో సంఘం పెట్టాడు. తన ఇంటి పొలంలో పనిచేసేవాళ్ళతో కూలి పెంచమని అడిగించడమంటే తన ఇంటివాళ్ళ మీద తనే తగాదా పెట్టుకోవడం. సిద్ధాంతం అక్కడ గట్టిపడింది. తర్వాత 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఊళ్ళో కూలీ సంఘం ముందు, దేశం తర్వాత.

ఏప్రిల్ 26, శనివారం

రావులపాలెం నుంచి కొత్తపేట వచ్చే దారిలో దాళ్వా నూర్పిళ్ళు ముమ్మరంగా ఉన్నాయి. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. ఆకాశం కాస్త మూసుకున్నట్టుంటే చాలు, బరకాలు పట్టుకుని పరిగెడుతున్నారు. తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ.

నాకు తెలిసిన కౌలురైతు ఒకాయన అక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు. చొక్కా జేబులోంచి ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన చిన్న పుస్తకం తీసి చూపించాడు. చెమటకి తడిసి అంచులు మెత్తబడ్డాయి. ఎడమ పేజీలో దమ్ము, ఊడ్పు, యూరియా, మందులు, కోత మిషను కిరాయి, కట్టుబడి కూలి వరసగా రాసి ఉన్నాయి. కుడి పేజీలో రెండే వరసలు. ‘ధాన్యం’ అని ఒకటి, ‘శిస్తు’ అని ఒకటి. సార్వాకీ దాళ్వాకీ కలిపి ఎకరానికి పాతిక బస్తాల పైనే భూమిగలాయనకి కొలవాలి. ఆ రెండు వరసల కింద గీత గీసి ఉంది. గీత కింద ఏమీ రాయలేదు.

"కిందదేంటయ్యా?" అన్నాను.

"అది రాసుకోనండి. రాస్తే మా ఆవిడ చూస్తాదండి" అన్నాడు.

సాగు హక్కు కార్డు ఉంటే బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం కౌలుదారుకే దక్కుతాయి. 2019 చట్టం ఆ కార్డు ఇమ్మంది గాని, భూమిగలాయన సంతకం పెట్టాలంది. ఈయనకి సంతకం పెట్టలేదు. పెడితే భూమి మీద హక్కు అడుగుతారని భయం. కోనసీమలో ఈ భయం పాతది. 1956 కౌలుదారీ చట్టం వచ్చినప్పటి నుంచీ కౌలు నోటిమాట మీదే నడుస్తోంది. 2011లో గిట్టుబాటు లేక ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా కోనసీమ వైపు చూసింది. మోహన్ కందా కమిటీ వచ్చింది. కౌలుదారుడికి కాగితం మాత్రం ఇంకా చేతికి రాలేదు.

ఏప్రిల్ 29

రాత్రంతా తెలంగాణ పోరాటం పుస్తకమే.

సుందరయ్య ఇచ్చిన అంకెలు ముందు రాసుకుంటాను. దాదాపు మూడువేల గ్రామాలు. పదహారు వేల చదరపు మైళ్ళ నేల, ముప్పై లక్షల జనం. ప్రధానంగా నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ప్రాంతాలు. పంచిన భూమి పది లక్షల ఎకరాలు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలపాటు ఆ ఊళ్ళలో దొర మాట చెల్లలేదు, పటేలు పట్వారీ మాట చెల్లలేదు. ఊరి కమిటీ మాటే చెల్లింది.

ఇది ఎక్కడ మొదలైందో మనకి తెలిసిందే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటని విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోకుండా సంఘం అడ్డుపడింది. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి కర్రలు, వడిసెలలు, తర్వాత తుపాకులు.

నాకు ఆసక్తి తుపాకుల మీద లేదు. ఆ మూడువేల ఊళ్ళలో తెల్లవారి లేచాక ఏం జరిగిందన్న దాని మీద ఉంది. వెట్టి పోయింది. అప్పు పత్రాలు కాలాయి. దొరలు బలవంతాన లాక్కున్న భూమి ముందు తిరిగొచ్చింది. తర్వాత బంజర్లు, పోరంబోకులు, అడవి పోడు పంచారు. ఆ తర్వాతగాని దొరల మిగులు భూమి జోలికి పోలేదు. పరిమితి మొదట అయిదు వందల ఎకరాలు. అంటే ఎంత మెతకగా మొదలుపెట్టారో చూడండి! తర్వాత రెండు వందలు. చివరికి మెట్ట వంద, మాగాణి పది. ఈ దిగడం ఎవరో పైన కూర్చుని తీర్మానం రాస్తే వచ్చింది కాదనిపిస్తుంది నాకు. భూమి లేనివాడు కమిటీలో కూర్చోవడం మొదలయ్యాక, "మరి మాకో?" అని అడిగాక దిగి ఉంటుంది.

కూలి రేట్లు కమిటీయే కట్టింది. మొగుడూ పెళ్ళాల తగువులు కూడా కమిటీ ముందుకే వచ్చాయి. విడిపోవాలనుకున్న ఆడమనిషి మాట అక్కడ విన్నారు. రాత్రి బళ్ళు నడిచాయి. చదువు రానివాళ్ళు కరపత్రం చదివించుకోవడానికి వచ్చి అక్షరాలు నేర్చుకుపోయారు. ఇది రాజ్యమే. జెండా కన్నా, ఉపన్యాసం కన్నా, ఎవరి మాట ఎవరు వింటున్నారన్న దాన్ని బట్టే రాజ్యం మారిందో లేదో తెలుస్తుంది. తరతరాలుగా చెప్పులు చేతబట్టుకుని దొర గడి ముందు నడిచిన మనిషి అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు. దీన్ని ఎవరూ పూర్తిగా వెనక్కి తీసుకోలేకపోయారు. 1948 సెప్టెంబరులో నిజాం మీదికి భారత సైన్యం వచ్చాక, సైన్యం వెనకే దొరలు ఊళ్ళకి తిరిగొచ్చాక, భూమి చాలాచోట్ల పోయింది. వెట్టి మాత్రం తిరిగి రాలేదు.

సభలో ఈ భాగం తొందరపడకుండా చెప్పాలి.

మే 1

ఆయన పుట్టినరోజూ మేడే ఒకటే రోజు. పొద్దున అంబాజీపేట వెళ్ళాను. కొబ్బరి రాశుల మధ్య వొలుపు కార్మికులు జెండా ఎగరేశారు, బూందీ పంచారు, అరగంటలో మళ్ళీ పనిలో కూర్చున్నారు. కాయకింత అని కూలి. పని ఆపితే ఆ రోజు ఆగిపోయినట్టే.

ఒకాయన పని చూస్తూ నిలబడ్డాను. నేలలో దింపిన ఇనప మొన మీద కాయని రెండు చేతులా గుచ్చుతాడు, మణికట్టు తిప్పుతాడు, ఒక పెచ్చు ఊడుతుంది. మళ్ళీ గుచ్చుతాడు, మళ్ళీ తిప్పుతాడు. మూడు నాలుగు ఊపుల్లో కాయ చేతిలో ఉంటుంది, డొక్క పక్కన పడుతుంది. అరచేతుల్లో చర్మం గచ్చులా బిరుసెక్కింది. బొటనవేలి కింద పాత గాటు. ఈ ఏడు కొబ్బరి ధర బాగుంది, మార్కెట్టులో అందరి మొహాలూ వెలుగుతున్నాయి. "మీ రేటు కూడా పెరిగిందా?" అని అడిగాను. "అడుగుతున్నామండి. సూద్దారంటున్నారండి" అన్నాడు.

దింపు కార్మికుల సంగతి మరీ ఘోరం. చెట్టు మీంచి పడితే నడుం విరిగినట్టే, ఇంటి గడప దాటలేని బతుకు. మా ఊళ్ళో అలా మంచం పట్టినవాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. సుందరయ్య రోజుల్లో కూలీ సంఘం అడిగిన ప్రశ్నలు ఇవాళ కొబ్బరి చెట్టు కిందకొచ్చి అలాగే నిలబడి ఉన్నాయి.

మే 5

నాలుగు వేలమంది. తెలంగాణ పోరాటంలో చనిపోయిన కమ్యూనిస్టులు, రైతు వీరులు దాదాపు నాలుగు వేలమందని సుందరయ్య లెక్క. పదివేలమందికి పైగా మూడు నాలుగేళ్ళు జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు. దళసభ్యుల పేర్లు, ఊళ్ళు, ఎక్కడ ఎలా పోయారో పేజీల కొద్దీ రాశాడు. చాలామంది చదివేవాళ్ళు ఆ పేజీలు దాటేస్తారు. ఆయన రాసినందుకు మనం చదవాలి. ఒక్కో పేరు వెనక ఒక ఇల్లుంది.

కోస్తాలోనూ తక్కువ జరగలేదు. 1949లో కృష్ణా జిల్లా కాటూరు, ఎలమర్రుల్లో మలబారు పోలీసులు ఊళ్ళ మీద పడి మగవాళ్ళని బట్టలిప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళు కాలేదు అప్పటికి! ఈ ముక్క చదివిన ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళాలనిపిస్తుంది.

మరొక మాట కూడా సభలో చెప్పాలి, చెప్పకపోతే తప్పు. దళాల చేతుల్లోనూ మనుషులు చచ్చారు. దొరల ఏజెంట్లని, ఇన్ఫార్మర్లని చంపారు. అందులో ఎవరి మీద మోపిన నేరం నిజమో, ఎవరిది కక్షో, అడవిలో రాత్రి పూట నడిచే విచారణలో ఎలా తేలుతుంది? పోలీసుల దుర్మార్గం ఎంత పెద్దదైనా ఆ ప్రశ్న దానికింద దాగదు. సుందరయ్యని ప్రేమించేవాళ్ళం కాబట్టే అది మనం అడగాలి.

మే 9

1951 ఫిబ్రవరిలో నలుగురు మాస్కోలో స్టాలిన్ ముందు కూర్చున్నారు. అజయ్ ఘోష్, డాంగే, మన వైపు నుంచి చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. కలకత్తాలో రష్యా ఓడలో రహస్యంగా ఎక్కి వెళ్ళారు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బయల్దేరిన మనుషులు తెలంగాణ పల్లెల గొడవ క్రెమ్లిన్‌లో వివరించడం ఊహించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చైనాకి ఉన్న వెనకదన్ను మీకు లేదు, గెరిల్లా యుద్ధం ఒక్కటే పెట్టుకుని గెలవలేరని స్టాలిన్ చెప్పాడు. అదే ఏడు అక్టోబరులో పోరాటం విరమించారు.

ఆపడం ఎప్పుడన్నది అసలు చర్చ. నిజాం లొంగిపోయాక, 1948 చివర్లోనే ఆపి ఉండాల్సిందని ఆ పోరాట నాయకుల్లో ఒకడైన రావి నారాయణరెడ్డి వాదన. పంచిన భూమిని నిలబెట్టుకోవడానికి పోరాడక తప్పలేదని సుందరయ్య వాదన. పుస్తకంలో ఆ వాదనకి చాలా పేజీలిచ్చాడు.

నేను చాలా ఏళ్ళుగా ఈ రెండింటి మధ్యా ఊగుతున్నాను. ఇప్పుడు ఒకచోట ఆగాను. ఆయుధాల విషయంలో రావి నారాయణరెడ్డిది సరైన మాట. చావుల్లో ఎక్కువ భాగం సైన్యం వచ్చిన తర్వాతవే. నిజాముకి వ్యతిరేకంగా లేచిన జనమంతా నెహ్రూకి వ్యతిరేకంగా లేవలేదు, లేవరు కూడా. కానీ సుందరయ్య అడిగిన ప్రశ్న అలాగే ఉంది: తుపాకీ దించేశాక ఆ భూమిని ఎవరు కాపాడాలి? దానికి జవాబు రావి నారాయణరెడ్డి దగ్గరా లేదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం ఆయనకి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లేసి పార్లమెంటుకి పంపారు. భూమి కోసం చచ్చినవాళ్ళ ఊళ్ళే ఓటు కోసం బారులు తీరాయి. రెండూ ఒకే జనం చేశారు.

మే 12

రాజోలులో పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై దాటింది, జ్ఞాపకం మాత్రం గట్టిది. 1955 ఎన్నికల సంగతి అడిగాను.

"ఒరేయ్ అబ్బాయ్, మా నాన్న కాంగ్రెసు కదా. జోడెద్దుల బొమ్మ మా అరుగు మీదే అంటించారు. కమ్యూనిస్టులొస్తే గేదెల్ని తోలుకుపోతారు, గుళ్ళు మూసేస్తారు, ఆడవాళ్ళ మెళ్ళో పుస్తెలు ఉంచరు అని ఒకటే చెప్పుకునేవారు. మా అమ్మ నిజంగానే పుస్తెలు తీసి బియ్యం డబ్బాలో దాచిందిరా."

"మరి మీ పాలేరు ఎవరికేశాడు పిన్నీ?"

"వాడా? వాడు కంకీ కొడవలికేశాడు. వేసొచ్చి మా నాన్నతోనే చెప్పాడు."

"తాతయ్య ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. ఆ రోజు అన్నం సరిగా తిన్లేదు."

ఆ ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రం కమ్యూనిస్టుల చేతికి వస్తుందని చాలామంది అనుకున్నారు. సుందరయ్య అప్పటికి తొమ్మిదేళ్ళ క్రితమే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అని పుస్తకం రాసి పెట్టుకున్నాడు. రాజ్యం వస్తే ఏం చెయ్యాలో కాగితం మీద సిద్ధంగా ఉంది. పోలింగుకి కొద్ది రోజుల ముందు మాస్కో ‘ప్రావ్దా’ నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసువాళ్ళు దాన్ని అచ్చేసి ఊరూరా పంచారు. కమ్యూనిస్టులకి ఓట్లు ముప్పై ఒక్క శాతం దాకా వచ్చాయి. సీట్లు 196లో పదిహేను. ఆ పదిహేనుమందిలో గన్నవరం నుంచి సుందరయ్య ఒకడు.

రెండేళ్ళు తిరిగాక కేరళలో కమ్యూనిస్టు నంబూద్రిపాద్ ముఖ్యమంత్రయ్యాడు. మన దగ్గర అయ్యుంటే? భూసంస్కరణలు డెల్టాలో ఎలా నడిచేవో, కౌలుదారు పేరు అడంగల్లోకి ఎక్కేదో లేదో అని ఆలోచిస్తూ వైనతేయ వంతెన మీదుగా ఇంటికొచ్చాను. కేరళలో ఆ ప్రభుత్వాన్ని 1959లో రద్దు చేశారు. అయినా అది మొదలుపెట్టిన పని అక్కడ ఆగలేదు, కౌలుదారు చివరికి భూమికి హక్కుదారయ్యాడు. అందుకే ఆ ‘అయ్యుంటే’ అన్న మాటని ఊరికే కొట్టిపారెయ్యలేను.

మే 16

1964లో పార్టీ చీలాక సి.పి.ఎం.కి మొదటి ప్రధాన కార్యదర్శి సుందరయ్య. పదేళ్ళ పైన ఆ పదవిలో ఉన్నాడు. 1975 ఆగస్టులో, ఎమర్జెన్సీ మధ్యలో, రాజీనామా లేఖ రాశాడు. ఎమర్జెన్సీని ఎదిరించే పేరుతో జనసంఘ్, ఆర్.ఎస్.ఎస్.లతో కలిసి నడవడం తనకి సమ్మతం కాదన్నాడు. ఇంకా కొన్ని విభేదాలు కూడా వివరంగా రాశాడు. కమిటీలో మెజారిటీ ఒప్పుకోలేదు. పదవి వదిలేశాడు. పార్టీని వదల్లేదు. చీలిక తేలేదు. ఆంధ్రాకి వచ్చి మామూలు పని మొదలుపెట్టాడు. 1978లో గన్నవరం నుంచి మళ్ళీ గెలిచాడు. పోయేనాటికి రాష్ట్ర కార్యదర్శి.

కుర్రాళ్ళు అనుకునేట్టు సైకిలు ఆయన నిరాడంబరత్వానికి గుర్తు కావచ్చు. నాకు ఆయన స్వభావమంతా ఈ లేఖలో కనిపిస్తుంది. దేశంలో అంత పెద్ద పదవి, చుట్టూ నిర్బంధం, తను చెప్పేది తన వాళ్ళే వినని స్థితి. అలాంటప్పుడు మనిషి గట్టిగా అరుస్తాడు, లేకపోతే నోరు మూసుకుంటాడు. ఆయన కారణాలు వరసపెట్టి రాసి, సంతకం పెట్టి, పక్కకి జరిగాడు.

ఆయన భార్య లీల గారి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. బొంబాయిలో పార్టీ కార్యాలయంలో పనిచేస్తూ 1943లో ఆయన్ని పెళ్ళి చేసుకుంది. పిల్లలు వద్దన్న నిర్ణయంలో సగం ఆమెది. రహస్య జీవితం, జైళ్ళు, మకాం మార్పులు అన్నింట్లో సగం ఆమెదే. సభలో ఆమె పేరు ముందు చెప్తాను.

మే 19, సోమవారం, కొత్తపేట

యాభై అరవైమంది వచ్చారు. ఫాన్లు తిరుగుతున్నా ఉక్క చంపేసింది.

ఇవాళ హోచిమిన్ పుట్టినరోజు కూడా. ఆ మాటతోనే మొదలుపెట్టాను. ఆయనకి రాజ్యం నిజంగానే చేతికొచ్చింది. ఆయనదీ ఆడంబరం లేని బతుకే, హనోయిలో కొయ్య స్తంభాల మీద కట్టిన చిన్న ఇంట్లో ఉన్నాడు. ఆయన ఏలుబడిలోనే 1953 నుంచి 1956 దాకా ఉత్తర వియత్నాంలో భూసంస్కరణ జరిగింది. పేదకి భూమి వచ్చింది. దానితో పాటు భూస్వామి అని ముద్రపడి వేలమంది ప్రాణాలు పోయాయి, అందులో నిర్దోషులూ ఉన్నారు. 1956లో ప్రభుత్వం తప్పు జరిగిందని బహిరంగంగా ఒప్పుకుంది. పార్టీ ప్రధాన కార్యదర్శి ట్రూంగ్ చిన్ పదవి పోయింది. పోయినవాళ్ళు తిరిగి రాలేదు.

నాయకుడు నిరాడంబరుడైతే రాజ్యం దానంతటదే న్యాయంగా ఉండదని చెప్పాను. మూడువేల ఊళ్ళలో మనకి దక్కిన కొద్దికాలపు రాజ్యాన్ని కూడా అదే కొలతతో కొలవాలన్నాను. ఎవరికి భూమి వచ్చింది, ఎవరి నెత్తురు పోయింది, ఎవరు లెక్క చెప్పారు? ఈ మూడో ప్రశ్నకి మన దగ్గర సుందరయ్య ఉన్నాడు. ఆయన చెప్పిన లెక్కతో నేను అన్నిచోట్లా ఏకీభవించను. చెప్పాడు కాబట్టే విభేదించగలుగుతున్నాను.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. తెల్ల పంచె, మెళ్ళో ఎర్ర కండువా. వ్యవసాయ కార్మిక సంఘంలో జీవితమంతా పనిచేసినవాడు. "మేస్టారండీ, మీరు సెప్పిందంతా బానే ఉందండి. నెత్తురు లెక్క మీరడిగారండి. మా పేటలో ఆకలికి పోయినోళ్ళ లెక్క ఎవరు రాశారండి? అదీ రాయండి మరి" అన్నాడు.

చప్పట్లు కొట్టింది ఆయనకే. కొట్టాల్సిందే.

మే 22

నిన్న ఛత్తీస్‌గఢ్ నారాయణపూర్ జిల్లా అడవుల్లో ఎన్‌కౌంటర్. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయాడు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి. వరంగల్లు ఆర్.ఈ.సి.లో ఇంజనీరింగు చదివాడు. ఇరవైమందికి పైగా ఆయనతో పాటు పోయారు.

పొద్దుటి నుంచీ ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఆయన దారి నాది కాదు. ఆ పార్టీ చేతుల్లో చచ్చిన పోలీసు కానిస్టేబుళ్ళు, ఇన్ఫార్మర్లన్న ముద్రతో గొంతులు కోయించుకున్న ఆదివాసీలు నాకు గుర్తున్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు. అయినా చదువుకున్న ఒక తెలుగువాడు యవ్వనం నుంచి ముసలితనం దాకా అడవిలో ఉండి, చివరికి ఇలా పోవడం చూసి చప్పట్లు కొట్టేవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది. టీవీల్లో లడ్డూలు పంచుతున్నట్టే మాట్లాడుతున్నారు.

1951 అక్టోబరు మళ్ళీ మళ్ళీ మనసులోకి వస్తోంది. అప్పుడు ఆపారు, ఆలస్యంగానైనా ఆపారు. ఆపినవాళ్ళని జైళ్ళ నుంచి విడిచిపెట్టి ఎన్నికల్లో నిలబడనిచ్చిన ప్రభుత్వం కూడా అప్పుడుంది. రెండు వైపులా ఆపగలిగినవాళ్ళు ఉండబట్టే సుందరయ్య 1952లో రాజ్యసభలో కూర్చుని మాట్లాడగలిగాడు. బతికుండబట్టే ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పుస్తకం రాయగలిగాడు. నిన్న పోయినవాళ్ళు తమ లెక్క చెప్పకుండానే పోయారు. వాళ్ళు చేసినదానికి వాళ్ళ నోటితో సమాధానం వినే అవకాశం మనకి లేకుండా పోయింది. చర్చలకి సిద్ధమని వాళ్ళ వైపు నుంచి ఈ మధ్య ప్రకటనలు వచ్చాయి కదా, ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడి ఉండకూడదా?

మే 24, శనివారం

పొద్దున్నే ఆ కౌలురైతుతో రైతు సేవా కేంద్రానికి వెళ్ళాను. కార్డు దరఖాస్తు తీసుకుని నింపాం. ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు పేరు. భూమి యజమాని సంతకం గడి దగ్గర ఆగాం.

ఆయన భూమిగలాయనకి ఫోను చేశాడు. నేను కూడా మాట్లాడాను. కార్డు పదకొండు నెలలకేనని, దానివల్ల భూమి మీద ఏ హక్కూ పుట్టదని చట్టంలోనే రాసి ఉందని చదివి వినిపించాను. "మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడండి, వాడితో మాట్లాడి చెప్తాను" అన్నాడు. కాదనలేదు. ఔననలేదు.

కొత్తపేటలో సభ పెట్టిన కుర్రాళ్ళకి ఈ సంగతి చెప్పాను. ఊరి మొత్తంలో కార్డు లేని కౌలుదారులు ఎంతమందో ఇంటింటికీ తిరిగి రాద్దామన్నారు. ఎవరికి ఎన్ని ఎకరాలు, శిస్తు ఎంత, ఏ ఏడు నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడింది, ఈ నాలుగు గళ్ళూ చాలన్నాను. పేటలో పెద్దాయనని కూడా కలుపుకోమన్నాను, ఆయన అడిగిన లెక్కకి అయిదో గడి ఆయనే చెప్తాడు. సార్వా ఆకుమళ్ళు పడేలోపు పూర్తి చెయ్యాలి. రేపు సాయంత్రం చెరువు గట్టు వీధి నుంచి మొదలు.